తట్టలు నిండుగానే ఉన్నాయి

రాహేలు చేత వేలు గుచ్చించుకున్నవాళ్లు తెనాలిలో వేలమంది ఉంటారు. ఆమె చేత చీవాట్లు తిన్నవాళ్లు అంతకు కాస్త తక్కువ. ఆసుపత్రి రక్తపరీక్షల గదిలో ఇరవై ఏడేళ్లుగా ఆమెది ఒకటే కుర్చీ, ఒకటే ధోరణి. భార్యను వెంటబెట్టుకొచ్చిన మొగుడెవరైనా కాగితం చూసి, "రక్తం ఎనిమిదేనా? ఆడాళ్లకి అంతేగా మేడం" అన్నాడంటే వాడి పని అయిపోయినట్టే.

"అంతే అంటే ఎంతండీ? మీ బండిలో పెట్రోలు సగం పోయించి, బండ్లకి అంతేలే అని బాపట్ల బయల్దేరతారా?"

అతను తల దించుకునేవాడు. వెనక లైనులో ఉన్న ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు. ఆ నవ్వు సద్దుమణిగాక రాహేలు ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, దూదితో వేలు తుడుస్తూ, "ఎట్టా ఉంటోందమ్మా నీకు?" అని అడిగేది. అలా అడగమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. కాగితంలో ఆ ప్రశ్నకు గడి కూడా లేదు. కొత్తగా చేరిన పిల్లలతో మాత్రం, "నంబరు మిషను చెప్తుంది, మనిషి సంగతి మనిషే చెప్పాలి" అనేది. ఇంత తెలిసిన మనిషి తన పుట్టింటి దగ్గరే తప్పు చేసింది. ఈ కథంతా ఆ తప్పు గురించే.

ఆమె కాపురం అంగలకుదురులో. పుట్టిల్లు చెరుకుపల్లికి రెండు మైళ్ల అవతల. తమ్ముడు జ్ఞానానందం అక్కడే ఉంటాడు, చర్చిలో సంఘపెద్ద. అతనికి సంబంధం చూసింది కూడా రాహేలే. రేపల్లె వైపు పిల్ల సుందరమ్మ, నిండు బిందె చంకన పెట్టుకుని బురద గట్టు మీద చుక్క ఒలకకుండా నడిచి రావడం చూసి, పెళ్లిచూపులు మొదలు కాకముందే "ఈ అమ్మాయే" అని తేల్చేసింది. ఆ ఎంపికలో తప్పేం లేదు. పాతికేళ్లపాటు నాట్ల వరసలో సుందరమ్మ పక్కన నిలబడటానికి ఆడవాళ్లు జంకేవాళ్లు. ఆమె చెయ్యి అంత చురుకు.

కరోనా రెండో ఏడాది ఆ ఊళ్లో హనుమంతరావు గారి తమ్ముడు కృష్ణకాంత్ పోయాడు. హనుమంతరావు ఊళ్లో పెద్ద రైతు. అతని తమ్ముడు మంచం మీద కూర్చుని కబుర్లు చెబుతూనే, కాఫీ తాగుతూనే, లోపల ఆక్సిజన్ పడిపోయి తెనాలి చేరేలోపు వెళ్లిపోయాడు. ఎంత పడిపోయిందో చూడటానికి ఆ ఊళ్లో ఒక్క ఆక్సీమీటరు క్లిప్పు కూడా లేదు. రాహేలు ఆ వారమే ఒక సేవాసంఘం వాళ్ల వెంటపడి, వేలికి తగిలించే ఆ క్లిప్పులు నలభై సంపాదించి ఊరికి తెచ్చింది. చర్చి అరుగు మీద నిలబడి, జనాన్ని దూరందూరంగా కూర్చోబెట్టి పాఠం చెప్పినట్టు చెప్పింది. "తొంభైనాలుగు కంటే కిందకి పడితే అర్ధరాత్రయినా నాకు ఫోన్ చెయ్యండి. పైన ఉంటే భయం లేదు."

ఆ క్లిప్పులు ఆ ఏడాది ఐదారుగురి ప్రాణాలు నిలబెట్టిన మాట నిజం. మరుసటి ఏడాది బాపట్లలో సభ పెట్టి ఆమెకు శాలువా కప్పిన మాటా నిజం. తర్వాత కరోనా పోయింది. "పైన ఉంటే భయం లేదు" అన్న మాట మాత్రం ఊళ్లోనే ఉండిపోయింది. కడుపులో మంటకీ క్లిప్పే, మోకాళ్ల నొప్పికీ క్లిప్పే. హనుమంతరావు అయితే దాన్ని చొక్కా జేబులోంచి తీయడం మానేశాడు. పొలం గట్టు మీద కూలీల్లో ఎవరైనా "ఆయాసంగా ఉందండి" అంటే వాళ్ల వేలు కడిగించి క్లిప్పు పెట్టేవాడు. తొంభైనాలుగు దాటితే, "నీకేం లేదమ్మా, దిగు" అనేవాడు. మనిషి కర్కోటకుడేం కాదు. తమ్ముణ్ణి పోగొట్టుకున్న భయంతో మొదలుపెట్టాడు, అది చివరికి గట్టు మీద న్యాయస్థానమై కూర్చుంది.

మొన్న శ్రావణంలో, నాట్లు ముమ్మరంగా సాగుతుండగా, శుక్రవారం మధ్యాహ్నం జ్ఞానానందం ఫోన్ చేశాడు.

"అక్కా, సుందరమ్మ పొద్దున గట్టు మీద కూలబడిందంట. కంగారేం లేదులే, క్లిప్పులో తొంభైఎనిమిది ఉంది."

"కంగారు లేకపోతే ఎందుకు చేశావురా?"

"మెట్లెక్కితే రొప్పుతోంది. వంట చేస్తా మధ్యలో కూర్చుంటోంది. మొన్న రేపల్లె తీసుకెళ్తే బలానికని సెలైన్ ఎక్కించారు. రెండు రోజులు బానే ఉన్నట్టుంది, మళ్లీ అంతే."

సెలైన్ అన్న మాట దగ్గరే రాహేలుకు అరికాలి మంట నెత్తికెక్కింది. చారు పల్చగా ఉందంటే ఇంకో చెంబు నీళ్లు పోసేవాణ్ణి ఏమనాలి? "రేపు పొద్దున్నే వస్తున్నా, దాన్ని ఇంట్లో పడుకోబెట్టు" అని ఫోన్ పెట్టేసింది.

శనివారం తొమ్మిదింటికల్లా ఆమె ఊళ్లో దిగేసరికి తమ్ముడి ఇంటికి గొళ్లెం పెట్టి ఉంది. పక్కింటి సుబ్బాయమ్మ చీపురు పట్టుకుని గడపలోకి వచ్చింది.

"నాట్లకి పోయిందమ్మా. నిన్న కూర్చున్నందుకు ముఠాలో వాళ్లు వెటకారమాడారంట. ఒళ్లు బరువెక్కింది, సుందరమ్మకి దొరసానితనం వచ్చిందన్నారంట. పౌరుషంగల మనిషి, ఊరుకుంటదా?"

రాహేలు చెప్పులు చేత్తో పట్టుకుని పంటకాలువ వెంబడే నడిచింది. ఆ నడకలో తమ్ముణ్ణి తిట్టుకుంది, రేపల్లె డాక్టర్ని తిట్టుకుంది, ముఠా ఆడవాళ్లను తిట్టుకుంది. తనను తాను తిట్టుకోవాల్సి వస్తుందని ఆమెకింకా తెలియదు.

పొలం దగ్గర హనుమంతరావు అరుపులు రెండు మళ్ల దూరానికి వినిపిస్తున్నాయి. నారు మోసే మగవాళ్లు పదిమంది రావాల్సింది నలుగురే వచ్చారట. మిగతావాళ్లు ఎవరిదో పెళ్లికి పోయారు. దూరంగా ఉన్న నారుమడి నుంచి ఆ నలుగురే కట్టలు తట్టల్లో పేర్చుకుని పరుగులాంటి నడకతో తెచ్చి పోస్తున్నారు. మడిలో ఇరవైమంది ఆడవాళ్లు చేతులు ఖాళీగా, నడుములు పట్టుకుని నిలబడ్డారు. సుందరమ్మ గట్టు మీద కూర్చుని ఉంది. ఆమె కొంగు ముడిలోంచి పచ్చిబియ్యం తీసి నోట్లో వేసుకుని కరకర నములుతోంది. "బియ్యం తింటే పెళ్లిలో వానంట. మీ ఆయనకి రెండో పెళ్లేమోనే" అని మడిలోంచి ఎవరో అన్నారు. నలుగురూ నవ్వారు.

రాహేలు నవ్వలేదు. మట్టి మీదికీ బలపం మీదికీ పచ్చిబియ్యం మీదికీ మనసు పోయే ఆడవాళ్లను ఆమె ఇరవై ఏడేళ్లుగా చూస్తోంది. అందులో సగానికి సగంమంది ఒంట్లో ఇనుము అడుగంటినవాళ్లే. ఆమె వెళ్లి సుందరమ్మ కింది కనురెప్ప కిందికి లాగింది. లోపల ఎర్రగా ఉండాల్సిన చోటు సున్నం కొట్టినట్టుంది. అరచెయ్యి తిప్పి చూసింది. గీతల్లో కూడా ఎరుపు లేదు. మెడ దగ్గర నరం దడదడ కొట్టుకుంటోంది.

"వదినా, నువ్వెందుకొచ్చావు ఇంత దూరం?" అంది సుందరమ్మ. ఆ నాలుగు మాటలకే రెండుసార్లు ఊపిరి తీసుకుంది.

హనుమంతరావు దగ్గరకొచ్చాడు. "ఏమ్మా రాహేలూ, బాగున్నావా? మీ మరదలికి ఇందాకే చూశాను. తొంభైఎనిమిది. ఇదుగో, కావాలంటే నువ్వే చూడు" అని జేబులోంచి క్లిప్పు తీశాడు. దాని అడుగున రాహేలు ఆనాడు తన చేత్తో అతికించిన తెల్లకాగితం ముక్క ఇంకా ఉంది. తొంభైనాలుగు అని ఎర్ర సిరాతో రాసింది కూడా తనే.

"అది పక్కన పెట్టండి. ఈమె ఒంట్లో రక్తం లేదు. తెనాలి తీసుకెళ్తున్నాను."

"రక్తం లేకపోతే ఆక్సిజన్ అంత ఎట్టా ఉంటుందమ్మా? నువ్వే కదా చెప్పింది. ఇప్పుడు మనుషులు లేక నేను చస్తుంటే నువ్వొచ్చి ఉన్న మనిషిని పట్టుకుపోతానంటే ఎట్టా? పొద్దుటినించీ చూస్తున్నాను. తట్టలు నిండుగానే వస్తున్నాయి, మోసే మనుషులే లేరు. నాట్లు పడితే ఒట్టు."

రాహేలు అతని వైపు తిరిగింది.

"ఇప్పుడన్న మాట మళ్లీ ఒకసారి అనండి."

"ఏ మాట?"

"తట్టలు నిండుగానే ఉన్నాయి, మనుషులు లేరన్నారే, అది. సుందరమ్మ జబ్బు కూడా అదే." ఆమె గొంతు పెరిగింది. మడిలో ఆడవాళ్లు ఇటు తిరిగారు. "మన ఊపిరితిత్తులు ఆ నారుమడి అనుకోండి. మనం పీల్చిన గాలిలో ఆక్సిజన్ అక్కడుంటుంది. ఒళ్లంతా ఈ పొలం. కాళ్లకి కావాలి, చేతులకి కావాలి, మెదడుకి కావాలి, అందని చోట పని ఆగిపోతుంది. మోసుకొచ్చేది రక్తంలో ఎర్రకణాలు. అవి ఆ నారు మోసేవాళ్లు. వాళ్ల నెత్తిమీద తట్ట ఇనుముతో తయారవుతుంది. ఇనుము లేకపోతే తట్ట లేదు, తట్ట లేకపోతే మోసేది లేదు. ఇంతవరకూ తెలిసిందాండీ?"

"తెలిసింది."

"ఈ క్లిప్పు చేసే పనల్లా గట్టు మీద నిలబడి, వచ్చిన ప్రతివాణ్ణీ నీ తట్ట నిండిందా అని అడగటం. నిండితే తొంభైఎనిమిది చూపిస్తుంది. వచ్చింది పదిమందా, నలుగురా అన్నది దీనికి తెలీదు. కరోనాలో నారుమడే పాడైంది, తట్టలు సగం ఖాళీగా వచ్చాయి, అందుకే అప్పుడు పట్టుకుంది. ఈమెకి నారుమడి బ్రహ్మాండంగా ఉంది. మోసేవాళ్లే చచ్చారు. ఉన్న ఆ కాసిని కణాల్నీ గుండె తరిమి తరిమి తిప్పుతోంది, మీరు ఆ నలుగుర్నీ తరుముతున్నట్టు. వాళ్లు ఇంకో గంటకి కూలబడతారు. ఈమె గుండె ఎప్పుడు కూలబడుతుందో నేను చెప్పలేను."

హనుమంతరావు చేతిలో క్లిప్పు వంక చూశాడు, మడి వంక చూశాడు. పదిమంది పని నలుగురితో కాదన్న సంగతి అతనికి ఒకరు నేర్పాలా? వెంటనే డ్రైవరుకు ఫోన్ చేసి కారు తెప్పించాడు. అందుకు రాహేలు థాంక్స్ చెప్పలేదు.

దారిలో చర్చి దగ్గర ఎక్కించుకున్న జ్ఞానానందం ముందు సీట్లో బిగుసుకుని కూర్చున్నాడు. వెనక సుందరమ్మ తల రాహేలు భుజం మీద ఉంది. ఎన్నాళ్ల నుంచి ఇలా అని అడిగితే, ముందు సీటు వంక చూసి గొంతు తగ్గించి చెప్పింది. రెండేళ్లుగా నెలలో సగం రోజులు గుడ్డ తడుస్తూనే ఉంది. వయసు మళ్లేటప్పుడు ఇలాగే ఉంటుందని అందరూ అన్నారు. ఇనుము మాత్రలు ఇచ్చారు, వేసుకుంది. టీ గ్లాసుతో వేసుకుంది, ఎందుకంటే నాట్ల దగ్గర టీ తాగేటప్పుడే గుర్తొస్తుంది. టీతో వేసుకున్న ఇనుములో ఒంటికి పట్టేది కాసింతే అని మాత్రలిచ్చినవాళ్లు చెప్పలేదు.

"నాకొక్క మాట చెప్పొద్దటే?" అంది రాహేలు.

"క్లిప్పులో బానే ఉందిగా వదినా. పైన ఉంటే భయం లేదని నువ్వేగా చెప్పావు. నాకే బద్ధకం పట్టుకుందనుకున్నా. నన్ను నేనే తిట్టుకుని లేచేదాన్ని."

రెండేళ్లు ఒక మనిషి ఊపిరాడక లేచి, ఊపిరాడక వండి, ఊపిరాడక మోకాలి లోతు బురదలో వంగి నాట్లు వేసింది. అలా వేస్తూ తన ఒంటి మాట నమ్మకుండా వదిన చెప్పిన నంబరును నమ్మింది. శాలువా కప్పించుకున్న పాఠం ఇలా చదువుకున్నారన్నమాట. సగం చెప్పిన మాట అబద్ధం కంటే హీనమని ఆ రోజు రాహేలుకు తెలిసివచ్చింది.

తెనాలిలో సుందరమ్మ వేలు ఆమే గుచ్చింది. బొట్టు బొట్టుగా రావాల్సిన రక్తం కుంకుమ కలిపిన నీళ్లలా జారింది. పన్నెండు ఉండాల్సిన హిమోగ్లోబిన్ నాలుగు పాయింట్ రెండు. నమ్మలేక ఇంకోసారి చేసింది. అదే వచ్చింది. డాక్టరమ్మ ఉషశ్రీ కాగితం చూసి, "ఈమె నడిచొచ్చిందా?" అని అడిగింది. "నాట్లు వేసొచ్చింది" అని చెప్పింది రాహేలు.

రెండు సీసాల రక్తం కావాలన్నారు. బదులు ఎవరైనా ఇవ్వాలన్నారు. జ్ఞానానందం గోడ వంక చూస్తూ, "మగాడు రక్తమిస్తే మళ్లీ బలం పుంజుకోవటం కష్టమంటారక్కా" అన్నాడు. రాహేలు అతన్ని చొక్కా పట్టుకుని లాగినంత పని చేసింది.

"ఇరవై ఏళ్లుగా నెలనెలా పోతున్నది దాని రక్తం. దానికి కష్టం కాలేదు, నీకొక్కసారికి కష్టమా? పదరా."

అతను ఇచ్చాడు. ఇచ్చాక బిస్కట్టు తిని, టీ తాగి, ఏమీ కాలేదని తనే ఆశ్చర్యపోయాడు. సుందరమ్మకు నిదానంగా, ఒక సీసా తర్వాత ఒకటి ఎక్కించారు. రెండోరోజు పొద్దున ఆమె మంచం దిగి బాత్రూం దాకా నడిచి వెళ్లి, తిరిగొచ్చి, "వదినా, రొప్పు రాలేదు" అంది. చాలాకాలంగా లేనిది వచ్చినట్టు కాక, చాలాకాలంగా ఉన్నది పోయినట్టు చెప్పింది. నెల నెలా అంత రక్తం ఎందుకు పోతోందో స్కానింగు తీసి, దానికీ మందు మొదలుపెట్టారు. మాత్రలు నిమ్మరసంతో వేసుకోమన్నారు, టీకి రెండు గంటలు ఎడం పెట్టమన్నారు.

మరుసటి ఆదివారం ఆరాధన అయ్యాక రాహేలు పాస్టరుగారిని అడిగి, మళ్లీ అదే అరుగు మీద నిలబడింది.

"కరోనాలో ఇక్కడే నిలబడి మీకొక మాట చెప్పాను. అది సగం మాట. తప్పు నాది. పైన ఉన్నా భయం ఉండొచ్చు. మెట్లెక్కితే ఆయాసమొచ్చే ఆడవాళ్లు, బియ్యం, మట్టి తినాలనిపించేవాళ్లు మధ్యాహ్నం మా తమ్ముడింటికి రండి. నవ్వేవాళ్లు కూడా రండి."

వచ్చారు. ముఠాలో సుందరమ్మను దొరసాని అన్నవాళ్లే ముందు వచ్చారు. రాహేలు వసారాలో స్టూలు వేసుకుని ముప్పై ఒక్కమంది కనురెప్పలు లాగి చూసింది. అరచేతులు తిప్పి చూసింది. పందొమ్మిదిమందివి పాలిపోయి ఉన్నాయి. ఇంట్లో ఉన్న క్లిప్పు తెచ్చి ప్రతి ఒక్కరికీ పెట్టింది కూడా. తొంభై ఏడు, తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది. అన్నీ ఫస్టుక్లాసు మార్కులే. ఆ పందొమ్మిదిమందీ రేపు పొద్దున ఆరింటికి మళ్లీ మళ్లోకి దిగుతారు. ఈ ఊరి బియ్యం తినేవాళ్లలో ఒక్కరికైనా ఆ బియ్యం ఎవరి ఊపిరితో పండుతోందో తెలుసా అని ఆమెకు ఒళ్లు మండిపోయింది.

మూడింటప్పుడు హనుమంతరావు కారు ఆగింది. చేతిలో దానిమ్మకాయల సంచీతో దిగాడు. వెనకే ఆయన భార్య వసుంధర దిగింది. సుందరమ్మ లేచి కుర్చీ వేసింది. హనుమంతరావు కోసం రాహేలు వారం రోజులుగా నాలుగు మాటలు నూరి దాచుకుంది. గట్టు మీద జడ్జీగిరీ గురించి, మనిషిని అడగకుండా వేలిని అడగడం గురించి. మొదలుపెట్టేలోపు వసుంధర కుర్చీ వదిలి, లైనులో ఆఖరి మనిషి వెనక నిలబడింది.

"నాక్కూడా ఒకసారి చూడమ్మా" అని చెయ్యి చాపింది.

హనుమంతరావు నవ్వాడు. "నీకేంటి? రోజూ పొద్దున్నే చూస్తున్నాగా. తొంభైతొమ్మిది..."

ఆ నవ్వు మొహం మీద సగంలోనే నిలిచిపోయింది.

రాహేలు ఆ అరచేతిని వెలుతురులోకి తిప్పింది. పట్టుచీర అంచు కింద ఆ చెయ్యి మైనంలా ఉంది. సుందరమ్మ తన చెయ్యి తెచ్చి పక్కన పెట్టింది. రెండు సీసాలు ఎక్కి వారమైన కూలిమనిషి చెయ్యే ఎర్రగా ఉంది. ఇంటింటికీ మట్టిపొయ్యే అంటారు. శనివారాలు, ఏకాదశులు ఒక్కపొద్దులుండి, మిగిలినరోజుల్లో అందరూ తిన్నాక మిగిలింది తినే ఇల్లాలి పొయ్యి ఇది.

"అమ్మగారూ, మీరూ బియ్యం తింటన్నారా?" అని సుందరమ్మ మెల్లగా అడిగింది.

వసుంధర తల ఊపింది. "వంటింట్లో డబ్బా దగ్గర నిలబడి. పనిమనిషి కూడా చూడకుండా."

"ఎన్నాళ్ల నుంచి?" అన్నాడు హనుమంతరావు. అతని గొంతు మారిపోయింది. తమ్ముడు పోయిననాడు కూడా అలాగే మారింది. "నాకు చెప్పలేదేం వసూ? రోజూ నీ పక్కనే కూర్చుని క్లిప్పు పెడుతున్నాను కదా."

వసుంధర చెయ్యి వెనక్కి తీసుకోలేదు. సుందరమ్మ చెయ్యి పక్కనే ఉంచి, మొగుడి వంక తిరిగి, కోపం లేకుండా చెప్పింది.

"మీరు రోజూ నా వేలు పట్టుకుని దాని వంక చూసేవాళ్లు. నా మొహం వంక చూసి, ఎట్లా ఉందే అని అడుగుతారేమోనని ఒక్కోరోజు కాసేపు అట్లాగే కూర్చునేదాన్ని."

రాహేలు దాచుకున్న నాలుగు మాటలూ అనలేదు. అనాల్సిన మనిషే అనేసింది. స్టూలు ముందుకు జరుపుకుని, వసుంధర కింది రెప్ప లాగి చూస్తూ, లైనులో అందరినీ అడిగినట్టే అడిగింది.

"చెప్పండమ్మా, ఎట్టా ఉంటోంది మీకు?"